కడిగిన తోటకూర

తెనాలి మార్కెట్లో యలమంద తోటకూరని వేళ్లతో సహా అమ్ముతాడు. బాపట్ల అవతల ఇసుక మడిలో పొద్దున్నే పెరికి, వేళ్లకి నల్లటి ఇసుక అంటుకుని ఉండగానే కట్టలు కట్టి రైలెక్కిస్తాడు. పెళ్లికి ముందు నుంచీ అదే రైలు, మార్కెట్లో అదే మూల. ఆ ఇసుకే అతని గుర్తు. అది చూసే "బాపట్ల కూర, తాజాది" అని కొంటారు.

పోయిన నెల కౌముది అనే యూనివర్సిటీ విద్యార్థిని అతని మడికి వచ్చింది. ఇసుకలో సహజంగా ఉండే రేడియేషన్ పదార్థాల్ని మొక్కలు ఎంత పీల్చుకుంటాయో చూడాలంది. కూర బుట్ట దగ్గర పెట్టగానే ఆమె రేడియేషన్ మీటరు టిక్‌టిక్‌మని మోగింది. యలమందకి మీటరు కంటే ఆ అమ్మాయి మీదే అనుమానం. ఖనిజాల కోసం ఇసుక తవ్వేవాళ్లు పొలం లాక్కోవడానికి పంపారేమో!

వారం తిరక్కుండా ఆ మోత సంగతి తెనాలి చేరింది. "కిరణాల కూర" అని పేరు పడింది. ఆ బుట్ట మీదే నడిచే ఇల్లు అతనిది. సాయంత్రానికి కట్టలన్నీ ఆవులకి వేసి రావలసి వచ్చేది.

ల్యాబ్‌లో ఆకుల్ని పరీక్ష చేయించి కౌముది మళ్లీ వచ్చింది.

"ఆకుతో భయం లేదు బాబాయ్. ఏ నేలలోనైనా మొక్క అలాంటిది కొంచెం పీల్చుకుంటుంది, ఎక్కువగా పొటాషియంతో పాటు. ఈ ఇసుకలో రేడియేషన్ ఇచ్చే థోరియం చాలావరకు రేణువుల్లోనే ఉండిపోతుంది. ఆ రోజు మీటరు అరిచింది వేళ్ల ఇసుకకి. కడిగి అమ్మండి."

"అంతేనా? రేపు పొలం ఖాళీ చేయమనవు కదా?"

ఆ అమ్మాయి నవ్వింది. అతను నవ్వలేదు.

మర్నాడు వేళ్లు తెల్లగా మెరిసేలా కడిగి కట్టలు పేర్చాడు. ఎప్పుడూ అతని దగ్గరే కొనే వసుంధర టీచరు ఆగింది.

"ఏంటయ్యా యలమందా, ఎప్పుడూ లేంది కడిగావు? ఏం దాస్తున్నావు?"

"ఇసుకుంటే కిరణాలంటారు, లేకపోతే దాచావంటారు. నన్నేం చేయమంటారండి?"

"అసలిది బాపట్లదేనా? ఈ పక్కనే కొలకలూరులో కొనుక్కొచ్చావా? మీ ఇంట్లో తింటున్నారా?"

యలమంద క్యారేజీ మూత తీశాడు. తోటకూర పప్పు. ఆవిడ వంగి చూసింది.

"అది ఈ కూరేనని ఏంటి నమ్మకం?"

"టీచరమ్మా, కూర కొంటారా, నా మీద కేసు పెడతారా?"

పక్కన నిమ్మకాయలమ్మే ఆవిడ ఫక్కుమంది. టీచరు నవ్వాపుకోలేక ఒక కట్ట తీసుకుంది.

"ఉప్పునీళ్లలో మళ్లీ కడుగుతాను, చెప్తున్నా."

"ఎన్నిసార్లయినా కడుక్కోండి."

ఆవిడ వెళ్లాక ఇంకో ఇద్దరు ఆగారు. కట్టలు తిరగేసి వేళ్ల మధ్య ఇసుక కోసం వెతకసాగారు. ఉందేమోనని ఒకరు, లేదేమోనని ఇంకొకరు.