ఎర్రనీళ్లలో ఇనుప రేకులు

తివాచీల ఉన్నికి రంగులు వేసే మస్తాన్ గారి ఎర్రనీళ్లు కాలువలో కలిసి మా రేవులో ఉతికిన పంచెలన్నీ గులాబీరంగుకు మారుతున్నాయి. పాక తీసేసి వెళ్లిపొమ్మని మా వీధివాళ్లు ఆయనకు చెప్పేశారు.

ఈ రోజు మా కెమిస్ట్రీ మాస్టారినడిగి కాలేజీ బ్యాటరీ తీసుకుని ఆయన పాకకు వెళ్లాను. ఆ నీళ్లు నింపిన జాడీలో రెండు ఇనుప రేకులు ముంచి కరెంటు పెట్టాను. బుడగలు లేచాయి. కాసేపటికి ఎరుపంతా ముద్దలు కట్టి అడుగుకు దిగింది, పైన తేటనీళ్లు! అవక్షేపమంటే ఇదే! పుస్తకంలో ఆ మాట ఇంత అందంగా కనిపించలేదు.

“నువ్వు చెబితే చాలదు బాబూ, ఉన్ని చెప్పాలి,” అంటూ మస్తాన్ గారు తెల్లపోగు ఒకటి ఆ తేటనీళ్లలో నానబెట్టారు. పోగు లేత తేనెరంగులో బయటికొచ్చింది.

“ఎరుపు పోయిందండీ, ఇనుప తుప్పు మిగిలింది. ఇసుకలో వడగడితే అదీ పోతుంది,” అన్నాను దిగులుగా.

ఆయన పోగును ఎండకు పట్టి మురిసిపోయారు. “అప్పుడే వడగట్టేయకు బాబూ! ఈ రంగు నాకెన్నడూ కుదరలేదు. ఇంకో జాడీ చేసిపెట్టవూ?”

రంగు తీయడానికి వెళ్లి కొత్త రంగు చేసి వచ్చాను! రేపు మాత్రం మా వీధివాళ్ల ముందే వడగట్టిన నీళ్లలో మా నాన్నగారి పంచె ఉతుకుతాను. తెల్లగా వస్తే పాక నిలుస్తుంది. ఏ రంగులో వస్తుందో పందెం కాస్తారా?