మా జేజి శనివారం మొక్కు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. మా నాయన, మా జేజి, నేను. మా వైపు నాయనమ్మను జేజి అంటారు. ముగ్గురం ఒకే కప్పు కింద ఉన్నా ఎవరికి వాళ్ళమే అన్నట్టు ఉండేది. అంతకుముందు మా అమ్మ కూడా ఉండేది. అమ్మ ఉన్న రోజుల్లో ఆ ఇల్లు ఎలా ఉండేదో ఇప్పుడు ఎంత ప్రయత్నించినా సరిగ్గా గుర్తు రాదు. ఆమె పోయిన తర్వాతి ఇల్లు మాత్రం మూలమూలా గుర్తుంది.

మా ఊరు కంబదూరు దగ్గర. ఎర్రనేల, రాళ్ళగుట్టలు, వానను నమ్ముకున్న చెనక్కాయ చేలు, అదే వేరుశనగ. ఊరికి పడమర ఒక బోడిగుట్ట, దాని మీద మేము తిమ్మప్ప అని పిలుచుకునే ఏడుకొండలవాడి గుడి ఉన్నాయి. గుడి అంటే పెద్దదేమీ కాదు. రాతిస్తంభాల మీద ఒక చిన్న గది, ముందు అరుగు. ఆ గుట్ట మీద గాలి ఏ కాలంలోనూ ఆగేది కాదు. దీపం నిలవదని లోపలి గూట్లో పెట్టేవారు.

అమ్మకు వేసవి చివర్లో జ్వరం వచ్చింది. ముందు మామూలు జ్వరమే అనుకున్నారు. తగ్గకపోయేసరికి కళ్యాణదుర్గం తీసుకుపోయారు, అక్కడి నుంచి అనంతపురం తీసుకుపోయారు. నన్ను పక్కింటి అక్క దగ్గర వదిలిపెట్టారు. మా నాయన అప్పట్లో మంచి భక్తిపరుడు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాడు. నాగలి పట్టేముందు గుట్టవైపు తిరిగి దండం పెట్టుకునేవాడు. అమ్మకు నయమైతే గుట్ట మీదే గుండు చేయించుకుంటానని ఆసుపత్రి వరండాలో కూర్చుని మొక్కుకున్నాడట. జేజి కూడా తన మొక్కేదో తాను మొక్కుకుంది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

అమ్మ తిరిగి రాలేదు.

కర్మలు అయిపోయిన మరునాడు నాయన గోడకున్న దేవుని పటాలన్నీ తీసి, పాత దుప్పటిలో మూటగట్టి అటకమీదికి తోసేశాడు. పటాలున్న చోట్ల గోడమీద తెల్లటి మచ్చలు మిగిలాయి. జేజి వంటింటి గడపలో నిలబడి చూసింది గాని అడ్డుపడలేదు. "ఇంగ ఈ ఇంట్లో ఆ పేరెత్తద్దు మా," అన్నాడు నాయన. జేజి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ ఏడు వాన అదనుకే పడింది. మా ఊళ్ళో అది చిన్న సంగతి కాదు. ఊరంతా విత్తే గొర్రులు కట్టుకుని తెల్లవారకముందే చేలకు పోయింది. వీధిలో ఎద్దుల గంటలు, విత్తనాల బుట్టలెత్తుకున్న ఆడవాళ్ళ మాటలు. మా నాయన నడవలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "రాన్నా, మా ఎద్దులు తోలుకొస్తాం, నువ్వు గట్టుమీద నిలబడితే చాలు," అని ఇరుగుపొరుగు వాళ్ళు పిలిచారు. ఆయన లేవలేదు. చెనక్కాయ విత్తే అదను అలాగే దాటిపోయింది.

నాకు ఆ రోజుల్లో మాట్లాడడానికి ఎవరూ లేరు. బడినుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే, వచ్చావా అనే మాట కూడా వినిపించేది కాదు. జేజి సంగటి పెట్టేది, తినేవరకూ ఎదురుగా కూర్చునేది, ఆమె మనసు మాత్రం నడవలోనే ఉండేది. తల పక్కింటి అక్క దువ్వేది. బడిలో జరిగినవన్నీ మా మేకపిల్లతో చెప్పుకునేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి నాయన పక్కన కూర్చుని ఆయన చేతిమీద చెయ్యి వేశాను. ఆయన నన్ను చూశాడు. ఎక్కడో చూసిన పిల్లలా ఉందే అన్నట్టు చూశాడు. ఇంకెప్పుడూ అలా కూర్చోలేదు నేను.

ఒక మధ్యాహ్నం మా చేని బావిగట్టు మీద నాయన ఒక్కడే కూర్చుని లోపలికి చూస్తున్నాడని ఎవరో వచ్చి చెప్పారు. జేజి వెళ్ళి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ సాయంత్రం బావి మోకు చుట్ట చుట్టి గాదెలో అడుగున దాచింది. ఎందుకు దాస్తోందో నాకు అప్పుడు తెలియలేదు.

ఆ వచ్చిన శనివారం పొద్దున్నే జేజి తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని నాయన తలదగ్గర నిలబడింది.

"రేయ్, లెయ్యి. గుట్టకు పోవల్ల."

నాయన తల తిప్పలేదు.

"నీ పెండ్లాం మంచంలో ఉన్నప్పుడు మొక్కినా. ఏడాది పొడవునా శనివారం శనివారం గుట్టెక్కి దీపం పెడతానని. నా మోకాళ్ళు పట్టుకపోయినాయి. నువ్వే ఎత్తుకపోవల్ల."

నాయన విసురుగా లేచి కూర్చున్నాడు. అన్నాళ్ళకు ఆయన గొంతు పెద్దగా వినిపించడం అదే మొదలు. "బతికించినాడా మా? బతికించని దేవునికి మొక్కేంది?"

"బతికించలేదు. నాకూ కండ్లుండాయి, చూసినా," అంది జేజి. "ఆయప్ప చెయ్యలేదని నేనిచ్చిన మాట తప్పేదా?"

నాయన కోపంగా తుండుగుడ్డ భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చి వీపు వంచి కూర్చున్నాడు. జేజి ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. నూనె గిన్నె, వత్తులు నా చేతికిచ్చింది. అలా బయలుదేరాం. చేలల్లో కలుపు తీస్తున్నవాళ్ళు నడుములెత్తి మమ్మల్నే చూశారు. నాయన ఎవరివంకా చూడలేదు. గుట్ట సగం ఎక్కేసరికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆయాసపడుతున్నాడు. అన్నాళ్ళు సరిగా తినని మనిషి. దింపి కాసేపు ఆగమని జేజి అంటుందేమో అనుకున్నాను. అనలేదు.

పైకి చేరాక నాయన ఆమెను అరుగుమీద దింపి, తాను దూరంగా ఒక బండమీద, గుడికి వీపు పెట్టి కూర్చున్నాడు. జేజి లోపల దీపం పెట్టింది. తర్వాత దేవునితో మాట్లాడడం మొదలుపెట్టింది. స్తోత్రమేదో చదువుతుందనుకున్నాను. ఆమె తిట్టింది.

"ఇద్దరు పెండ్లాలుండారు కదప్పా నీకు! నా కొడుకు పెండ్లామే కావల్సొచ్చినాదా? ఏం చేసినాది ఆ బిడ్డ నీకు? నీ గుడి ముందర ముగ్గులేసినాదే, అదా తప్పు?"

గాలికి ఆ మాటలు గుట్టంతా వినిపించాయి. నేను భయపడి నాయన వైపు చూశాను. ఆయన వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు కదులుతోంది. అమ్మ పోయిన రోజు కూడా ఏడవని మనిషి ఆ బండమీద కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. జేజి బయటికి వచ్చి చూసింది. దగ్గరికి పోలేదు. నన్నూ పోనివ్వలేదు. ఆయన ఏడ్చినంతసేపూ మేమిద్దరం అరుగుమీద కూర్చున్నాం.

ఆ రోజు ఇంటికొచ్చాక నాయన ఇంకో ముద్ద సంగటి అడిగి పెట్టించుకున్నాడు.

అప్పటినుంచి ప్రతి శనివారం అదే. నాయన మోసేవాడు, గుడికి వీపు పెట్టి కూర్చునేవాడు, దింపుకొచ్చేవాడు. ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడలేదు. ఆయన కూర్చునే బండమీదినుంచి ఊరి చేలన్నీ కనిపించేవి. అన్నీ పచ్చగా ఉంటే మా చేను ఒక్కటే ఎర్రగా, బోసిగా ఉండేది. దాని మాట జేజి ఏనాడూ ఎత్తలేదు. ఒక శనివారం నాయనే అన్నాడు, "మన చేని కట్ట తెగిపోయినట్టుండాది మా," అని. మరునాడు పార తీసుకుని వెళ్ళాడు. వానాకాలం వెనకపట్టులో ఇంకో వాన పడినప్పుడు ఉలవలు చల్లాడు.

ఆ రోజుల్లోనే ఒకనాడు మా బడికి మధ్యాహ్నమే సెలవిచ్చారు. శనివారం కాదు. ఇంటికొస్తే జేజి లేదు. పక్కింటి అక్కను అడిగితే తెలియదంది. మేకలకోసం పోయిందేమోనని ఊరి చివరిదాకా వెళ్ళి చూస్తే, గుట్టమీద ఆమె చీర కనిపించింది. ఒక్కతే ఎక్కుతోంది. ఎవరి సాయం లేదు, చేతిలో కర్ర కూడా లేదు. బండమీదినుంచి బండమీదికి మేకలా ఎక్కుతోంది.

అన్ని వారాలు మా నాయన వీపు మీద మోసిన మనిషి ఈమేనా? వెనకే నేనూ ఎక్కాను. నిలదీయాలనే ఎక్కాను.

పైకి చేరేసరికి జేజి గుడి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. దీపం పెట్టలేదు. దండం పెట్టడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఇంట్లో ఆమె కంట తడి నేను ఎప్పుడూ చూడలేదు. నన్ను చూసి ఉలిక్కిపడింది, మొహం తుడుచుకుంది.

అయినా అడిగేశాను. "నీ మోకాళ్ళు బాగుండాయి కదా జేజీ?"

"బాగుండాయి."

"మరి నాయనకు దేవుని పేరు చెప్పి అబద్ధం చెప్పినావే?"

"మొక్కు నిజమేనే పాపా," అంది. "మోకాళ్ళే అబద్ధం."

నన్ను దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టుకుంది. కింద మా చేలో నాయన చిన్న చుక్కలా వంగి పనిచేస్తున్నాడు. "వాన్ని లెయ్యమంటే లేస్తాడా? తినమంటే తింటాడా? నన్ను మోసేదానికైతే లేస్తాడని లేపినా. నా కొడుకు నాకు తెలీదా?" అంది.

"మరి నువ్వు ఇప్పుడెందుకొచ్చినావు? ఈ పొద్దు శనివారం కాదే."

"నేనూ యాడన్నా ఏడవల్ల కదే," అంది జేజి. "ఇంట్లో ఏడిస్తే మీ నాయన మళ్ళీ పండుకుంటాడు. నీకు భయమైతాది. ఈడైతే వినేవాడు ఒకడుండాడు."

"నిజంగా ఉండాడా జేజీ?"

లేడంటుందేమోనని ఒక భయం, ఉన్నాడంటే అమ్మ సంగతి ఏమిటని ఇంకో భయం. జేజి గుడిలోపలికి చూసింది. చీకట్లో ఆ రాతి విగ్రహం సగమే కనబడుతుంది.

"నాకు యాడ తెలుసు పాపా. నాకూ ఆయప్ప బదులు చెప్పలేదు ఎప్పుడూ. చెప్పుకుంటా, అంతే. చెప్పుకున్నంక దిగిపోయి సంగటి కెలికేదానికి చేతనైతాది నాకు. చెప్పుకోకపోతే చేతనయ్యేది లేదు."

గాలికి ఆమె చీరకొంగు నా మొహానికి తగులుతూ ఉంది. ఇంట్లో ముగ్గురిలో అందరికంటే ఒంటరిది జేజేనని నాకు అప్పుడు తట్టింది. కొడుకు ముందు ఏడవలేదు, మనవరాలి ముందు ఏడవలేదు. అమ్మ ఆమెకు కోడలే కాదు, పగలంతా పక్కన ఉండి మాట్లాడిన మనిషి. నేను మేకపిల్లకు చెప్పుకున్నట్టే ఆమె ఇక్కడికొచ్చి చెప్పుకుంటోంది. నాకు తెలియకుండానే అమ్మ గురించి మాట్లాడడం మొదలుపెట్టాను. జేజి వింది. పొద్దు వాలేదాకా విని, లేచి కొంగు దులుపుకుని, "దా, మీ నాయన వచ్చే వేళైంది," అంది. గుట్ట దిగేటప్పుడు నా చెయ్యి వదల్లేదు. నాయనకు చెప్పొద్దని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఏడాది మొక్కు తీరింది. పటాలు అటక దిగలేదు. మా నాయన మళ్ళీ ఎన్నడూ దేవునికి దండం పెట్టలేదు. చేను చేశాడు, నన్ను చదివించాడు, చాలాకాలం బతికాడు. చాలా ఏళ్ళకు జేజి పోయాక శనివారాలు ఆయన ఒక్కడే గుట్ట ఎక్కి, ఆ బండమీద కాసేపు కూర్చుని వచ్చేవాడు. లోపలికి పోయేవాడు కాదు. ఎందుకు పోతున్నావని అడిగితే, "కాళ్ళకు అలవాటైపోయినాదిలే మే," అన్నాడు.

నేను బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. మాతో పనిచేసినవాళ్ళలో ఒకాయన, దేవుడనేది బలంలేని వాళ్ళు పట్టుకునే ఊతకర్ర అని మధ్యాహ్నం భోజనాల దగ్గర వాదించేవాడు. ఇంకొకావిడ, అంతకుమించిన బలం లేదని గొంతు చించుకునేది. నన్నూ ఏదో ఒకటి చెప్పమనేవారు. నేను మజ్జిగ పోసుకుంటూ ఊరుకునేదాన్ని. గుట్టమీద ఒకరు నమ్మి కూర్చున్నారు, ఇంకొకరు నమ్మకుండా కూర్చున్నారు. ఇద్దరూ దిగొచ్చి నాకు అన్నం పెట్టారు. నేను ఎవరి పక్షం మాట్లాడగలను?

మా ఆయన పోయి కొన్నేళ్ళైంది. ఇప్పుడు అనంతపురంలో ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. జేజికున్న నమ్మకం నాకు అబ్బలేదు, దేవునిమీద నాయనకున్నంత కోపమూ రాలేదు. కొన్ని పొద్దులు మంచం దిగడానికి కాళ్ళు రావు. అప్పుడు కూర్చుని పైకే మాట్లాడతాను. మా ఆయన సంగతి, అమ్మ సంగతి, నా మోకాళ్ళ నొప్పి సంగతి. ఎవరితో మాట్లాడుతున్నానో నాకు తెలియదు. బదులు వస్తుందని చూడను. చెప్పుకోవలసినదంతా చెప్పుకున్నాక, లేచి పొయ్యి వెలిగిస్తాను.