పెళ్ళికారుకు నవారు బెల్టులు

“ఈ పట్టీ ఎక్కడిది? ముందు అది చెప్పు.”

“నవారు అక్కా. ఎక్కడిదైతే ఏంది? గట్టిగా ఉందా లేదా చూసుకో.”

“గట్టితనం ఎవరడిగారే? ఈ ఆకుపచ్చ దారం కుట్టు నాది. మీ అత్త మంచాన పడ్డప్పుడు నవారు చినిగితే, పక్కన కూర్చుని కుట్టింది నేను. నా కుట్టు నాకు తెలవదా?”

“కుడితే కుట్టావులే. చౌడు వేసి ఉడకబెట్టి, ఎండలో ఆరేశా. మల్లెపువ్వులా ఉంది.”

“పోయిన మనిషి మంచం నవారు తెచ్చి పెళ్ళికూతురికి కడతావంటే? అన్నమే తింటన్నావా?”

“అరవమాక. నలుగురూ ఇంటన్నారు.”

“ఇననీ. ఇనాలనే అరస్తన్నా.”

నరసరావుపేటలో మా ఇంటి ముందు, పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా జరిగిన గొడవ ఇది. అరుస్తున్నది పక్కింటి ఆవిడ. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. కారు వెనక సీట్లో, ఒళ్ళో బెల్టు పెట్టుకుని, బుగ్గన చుక్కతో కూర్చున్న పెళ్ళికూతురు ఆవిడ మనవరాలు. పెళ్ళి ఎడ్లపాడులో, పెళ్ళికొడుకు ఇంటి దగ్గర. పిల్లను మా కారులో తీసుకెళ్ళాలని మాట.

ఆ కారు సంగతి చెప్పాలి. అది అమెరికా కారు. తెల్లవాళ్ళ రోజుల్లో ఎవరో జమీందారు ఓడలో తెప్పించుకున్నాడట. చేతులు మారి మారి చివరికి మా ఆయన దగ్గరకొచ్చింది. ఆయన సాగర్ డ్యాం కట్టేటప్పుడు అక్కడ డ్రైవరు. పని అయిపోయి ఇంటికొస్తూ ఈ పడవంత కారును వెంట తెచ్చుకున్నాడు. పెళ్ళిళ్ళకు తిప్పేవాడు. అంబాసిడర్లు ఎన్ని ఉన్నా, మాచర్ల నుంచి సత్తెనపల్లి దాకా మా కారు ఎక్కి ఊరేగితేనే పెళ్ళి అన్నట్టుండేది ఒకప్పుడు.

ఏది విరిగినా ఆ కారుకు మళ్ళీ అదే దొరకదు. విరిగిన ముక్కను తువ్వాలులో చుట్టుకుని గుంటూరు, బెజవాడ, హైదరాబాదు పాత ఇనుము కొట్లన్నీ తిరిగేవాడు. గాజుల కొట్లో చేతికి గాజు చూసుకున్నట్టు, ప్రతి ముక్కకూ దాన్ని ఆనించి చూసుకునేవాడు. దొరక్కపోతే లారీదో జీపుదో తెచ్చి అరగదీయించేవాడు. “ఈ బండిలో అమెరికాది హారను ఒక్కటేనమ్మా, మిగతాదంతా మన పల్నాడే,” అని మెకానిక్ సాయిబు నవ్వేవాడు. మా ఆయన కూడా నవ్వేవాడు గాని, ఆ మాట ఆయనకు గుచ్చుకునేదని నాకు తెలుసు.

దాని వెనక తలుపులకు మడతబందులు వెనకవైపు, పిడి ముందువైపు. నడుస్తుండగా గడియ జారిందంటే గాలి తలుపును లాక్కుపోతుంది. ఒకసారి వెల్దుర్తి రోడ్డు మలుపులో అదే జరిగింది. పెళ్ళికొడుకు సగం బయటికి వేలాడితే మేనమామ అతని పంచె పట్టుకుని లోపలికి లాగాడు. మనిషి దక్కాడు, పంచె దక్కలేదు. ఊళ్ళో దాన్ని చెప్పుకుని నవ్వని వాళ్ళు లేరు. ఆ నవ్వులతోపాటే మా కారును పిలవడమూ మానేశారు. టార్పాలిన్ కప్పుకుని అది వసారా పక్కన పడుంది. మా ఆయన మాట్లాడటం తగ్గించాడు.

ఆ గడియ ఎన్ని కొట్లు తిరిగినా దొరకలేదు. చివరికి ఆయనకు బెల్టులు గుర్తొచ్చాయి. డ్యాం దగ్గర ఒక దొర బండిలో చూశాడట, మనిషిని సీటుకు కట్టేసి బకిలు పెట్టేవాళ్ళట. డ్యాం యంత్రాలు విప్పి అమ్మిన ఇనుము మాచర్లలో ఒక కొట్టుకు వచ్చేది. అక్కడ వెతికి వెతికి రెండు బకిళ్ళు పట్టుకొచ్చాడు. బకిళ్ళు బాగున్నాయి, వాటి పట్టీలు మాత్రం పట్టుకుంటే పొడి అవుతున్నాయి. గుంటూరులో కాన్వాసు పట్టీ దొరుకుతుందన్నాడు సాయిబు.

“పట్టీ కోసం గుంటూరు ఎందుకు? ఇంట్లో నవారు లేదా?” అన్నాను నేను.

మాకో పద్ధతి ఉంది. ప్రాణం పోయేలోపు మనిషిని కిందికి దించాలి. దించేలోపే మంచం మీద పోతే, ఆ రోజే నవారు విప్పి మంచంతో సహా చాకలికి ఇచ్చేయాలి. మా అత్త అలాగే పోయింది. మా ఆయన పాడె వెంట వెళ్తూ ఆ పని నాకు చెప్పి వెళ్ళాడు. నేను మంచం ఇచ్చాను. నవారు ఇవ్వలేదు. ఆ ఏడే కొన్న నవారు, నీలం అంచు, ఒక్క చోట తప్ప చిరుగు లేదు. చుట్ట చుట్టి అటక మీద పెట్టాను. తిరిగొచ్చాక ఆయన ఇచ్చేశావా అంటే ఇచ్చేశాను అన్నాను. మూడో తరగతితో బడి మానేసి అత్తగారింటికి వచ్చినదాన్ని. చింకిగుడ్డ కూడా పారేయకుండా సంసారం నడిపాను. మనిషి పోయిందని గుడ్డకు ఏమొస్తుంది అనుకున్నాను.

ఆ నవారే దించి దబ్బనంతో బకిళ్ళకు కుట్టాను. ఏ మంచందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన వెనక సీట్లో కూర్చుని తనకే కట్టుకుని, సాయిబును కారు తోలమన్నాడు. గట్టిగా బ్రేకు వేయించాడు. దిగి, చాన్నాళ్ళకు నవ్వు మొహంతో నా దగ్గరకొచ్చాడు.

“ఏమే, ఇసుమంతన్నా కదిలితే ఒట్టు. నవారు చూడు ఎంత మెత్తగా ఉందో!”

పక్కింటి అక్క మనవరాలి పెళ్ళికి కారు అడగ్గానే ఆయన సరే అన్నది అందుకే. ఈ ఒక్క పెళ్ళికి కారు వెళ్ళి క్షేమంగా వస్తే, పల్నాడులో మళ్ళీ పిలుస్తారని ఆయన ఆశ.

పిల్లను ఎక్కించి బెల్టు పెడుతుంటే కుర్రకారు గోల చేశారు.

“ఏం బాబాయ్, పిల్ల పారిపోద్దని కట్టేస్తన్నావా?”

“నిన్ను కట్టలేదు సంతోషించరా,” అన్నాడు ఆయన. అందరూ నవ్వారు.

బెల్టు కింద పట్టుచీర నలుగుతోందని అక్క లోపలికి వంగి కుచ్చెళ్ళు సర్దింది. సర్దుతూ సర్దుతూ ఆవిడ చెయ్యి ఒక చోట ఆగింది. ఆ తర్వాతే అరుపులు.

“నాకేం కాలేదు నాయనమ్మా,” అంది పిల్ల సన్నగా.

“నువ్వు నోరు ముయ్యి. పొద్దున్నే మంగళస్నానం చేయించిన ఒళ్ళు!”

నేను ఇంకా వాదిస్తూనే ఉన్నాను. ఉతికానంటాను, ఉడకబెట్టానంటాను. ముందు బానెట్టు దగ్గర రేడియేటర్లో నీళ్ళు పోస్తున్న మా ఆయన చెంబు కింద పెట్టి వచ్చాడు. కోపంగా లేడు.

“అమ్మదా అది?” అని అడిగాడు.

అవునని తలూపాను.

“ఇచ్చేశానన్నావు గదే.”

అంత మందిలో ఆయన అన్నది అంతే. వంగి బకిలు తనే తీశాడు. పిల్ల మొహంలోకి చూడకుండా, “దిగమ్మా, మీ నాయనమ్మ చెప్పినట్టు చెయ్యి,” అన్నాడు. దిగేటప్పుడు పైట చెంగు తలుపుకు పట్టుకుంటే, అది కూడా ఆయనే విడదీశాడు.

పిల్లను లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ తలమీద పసుపునీళ్ళు పోశారు. జడలో పూలు తడిసి ఊడిపోయాయి, చుక్క కరిగింది. చీర మార్చి, బస్టాండు నుంచి జీపు పిలిపించి ఎక్కించారు. తడిజుట్టుతో ముడుచుకుని ఎడ్లపాడుకు వెళ్ళింది పిల్ల. మాకు పిలుపు ఉంది గాని మేం వెళ్ళలేదు.

నవారు సంగతి కంటే, ఆయన దాన్ని ఒంటికి కట్టుకుని మెత్తగా ఉందని నవ్వుకున్న సంగతే నన్ను తినేసింది. తల్లి ప్రాణం పోయిన నవారని తెలిస్తే ఆయన దాన్ని తాకేవాడు కాదు. నాకు తెలిసీ, పక్కనే నిలబడి ఆ నవ్వు చూసి మురిశాను. ఖర్చు తప్పించానని మురిశాను. ఆ సాయంత్రం నీళ్ళకు వెళ్తే పంపు దగ్గర ఆడవాళ్ళు పక్కకు జరిగి నాకు దారిచ్చారు. తిట్టినా బాగుండేది. బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను. ఆయన కంచం ముందు కూర్చున్నాడు, లేచాడు. తిన్నాడో లేదో చూసే ధైర్యం కూడా లేకపోయింది నాకు.

మర్నాడు పొద్దున నేను లేచేటప్పటికే నవారు విప్పి తీసుకెళ్ళి చాకలి ఇంట్లో ఇచ్చి వచ్చాడు. బకిళ్ళు మాత్రం అరుగు మీద ఉన్నాయి. కాసేపటికి సత్తెనపల్లి నుంచి ఒకాయన వచ్చాడు, మా కారు మళ్ళీ తిరుగుతోందని విని, కొడుకు పెళ్ళికి మాట్లాడుకుందామని. ఆయనకు ఊళ్ళో ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు. నేను మజ్జిగ ఇచ్చి తలుపు వెనక నిలబడ్డాను.

“కూర్చోండి. ముందొక మాట,” అన్నాడు మా ఆయన. “వెనక తలుపు గడియ నమ్మకం లేదు, బెల్టులు పెట్టాం. నిన్నటిదాకా వాటికి మా అమ్మ పోయిన మంచం నవారు వేశాం. ఇప్పుడు తీసేశా. ఎక్కుతారో లేదో మీ ఇష్టం.”

ఆ మనిషి కారు చుట్టూ తిరిగి చూశాడు. వెనక తలుపు తీసి వేశాడు. “ఇంట్లో ఆడవాళ్ళని అడిగి చెప్తానండీ,” అని, మజ్జిగ ముట్టకుండా వెళ్ళిపోయాడు.

మా ఆయన బకిళ్ళు తువ్వాలులో చుట్టుకుని, కాన్వాసు పట్టీ కోసం గుంటూరు బస్సెక్కాడు.