రెండు దిక్కులా వేళ్లు

వెంకట్రాజం చేతులు ఆయన మాట వినవు. వరంగల్ కొత్తవాడలో ఆయన జంపఖానా నేస్తుంటే చూసినవాళ్లెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. నోరు పక్కింటి సారయ్యతో కరెంటు బిల్లు గురించి మాట్లాడుతుంటుంది, కళ్లు వీధిలో పోయే ఆటో వెంట పోతుంటాయి, చేతులు మాత్రం ఎవరితోనూ పని లేనట్టు పోగు వెంట పోగు వేసుకుంటూ, ఇనుప పంజాతో దాన్ని బిగించుకుంటూ పోతుంటాయి.

నేల మీద పరిచే జంపఖానా పద్ధతే అంత. ఒక అంచున మొదలుపెట్టి నడిమికి వచ్చేదాకా ఏ పువ్వు ఏ వరసలో పడిందో, నడిమి దాటగానే అదే వరసను తిరగేసి వేసుకుంటూ అవతలి అంచుకు చేరాలి. పెళ్లికి ముందు నుంచీ ఆయన నేసింది అదే. నడిమి రాగానే మలుపు తిరగమని చేతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ మగ్గం ఇంటి ముందరి అర్రనంతా ఆక్రమించుకుని కూర్చుంది. బిడ్డ పెళ్లయి అత్తగారింటికి పోయింది. కొడుకు భానుచందర్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఎవరిదో దుకాణంలో మూలకు బల్ల వేసుకుని పని చేస్తున్నాడు. రోడ్డు మీదికి తలుపున్న సొంత అర్ర ఉండగా పరాయి మూలన కూర్చోవడమేంటని వాడి బాధ. వాడి బాధలో న్యాయం లేకపోలేదు. తల్లి చిలుకమ్మ తండ్రికీ కొడుక్కీ ఒకేలాంటి చాయ్ పోస్తుంది, ఇద్దరిలో ఎవరి పక్షమూ మాట్లాడదు.

ఇట్లా ఉండగా భారతి టీచర్ వచ్చింది. ఖిలా వరంగల్ దగ్గరి బడిలో సైన్సు చెబుతుంది. పిల్లలను కింద కూర్చోబెట్టి పాఠం చెప్పడానికి ఒక గది తయారుచేసుకుంటోందట. దానికి పెద్ద జంపఖానా కావాలి, దాని మీద మొక్కలు ఉండాలి. చార్టు మీద రంగులతో బొమ్మ గీసుకుని మరీ తెచ్చింది. పక్కపక్కన నాలుగు మొక్కలు: తోటకూర, మందార, వేప, బీరతీగ. అన్నింటికీ కింద వేళ్లు, పైన కాండం, నడుమ నుంచి ఆకులు, మీద పువ్వులూ కాయలూ.

"చేస్తవా కాకా?" అంది.

"ఎందుకు చెయ్య మేడం!" అన్నాడు వెంకట్రాజం. అంతకుముందు ఒక్క వేరు కూడా నేసిన పాపాన పోలేదు.

టీచర్ వెళ్లగానే భానుచందర్ పందెం కట్టాడు. "బాపు, గీ మేడం మంచిగుందని తీస్కపోతే మగ్గం ఈడనే ఉంటది, నేను మల్ల ఆ మాట ఎత్త. వద్దంటే అర్ర నాది. సరేనా?"

"సరే రా" అన్నాడు వెంకట్రాజం. అనడమైతే అన్నాడు గానీ, మగ్గం లేని ఇంట్లో తానేం చేస్తాడో ఆయనకు నిజంగానే తెలియదు.

"వేరు ఎట్లుంటదే?" అని చిలుకమ్మను అడిగాడు.

"ఇన్నేండ్ల సంది తింటనే ఉన్నవ్, ఎన్నడన్న చూసినవా?" అంటూ ఆమె మార్కెట్ నుంచి వేళ్లతో సహా తోటకూర కట్ట తెచ్చింది. దాన్ని బకెట్లో కడిగి చాప మీద పరచుకుని కూర్చున్నాడు. నడుమ ఒక లావు వేరు నేరుగా దిగింది, దాని పక్కల నుంచి సన్నవి పాకాయి. ఉల్లిగడ్డ తిప్పి చూస్తే దానికట్లా లేదు, అన్నీ సన్నవే, మీసాల్లా గుత్తిగా ఉన్నాయి. ఇక కాండం చూస్తే ఇంకో వింత. కొంత దూరానికో కణుపు, కణుపు దగ్గరే ఆకు, ఆకు చంకలో నూకంత మొగ్గ. వేరు మీద ఎంత వెతికినా కణుపూ లేదు, ఆకూ లేదు.

ఇక ఆయన ఆగలేదు. సారయ్య గోడ మీదుగా మందారను చూశాడు. దానికి మొద్దంటూ లేదు, నేలలోంచే నాలుగైదు కొమ్మలు గుంపుగా లేచాయి. వెనక వీధి వేప అట్లా కాదు. ఒకే మొద్దు మనిషెత్తు దాటేదాకా లేచి, అప్పుడు గానీ కొమ్మలు వెయ్యలేదు. తోటకూర కాండాన్ని గోటితో గిల్లొచ్చు, వేపకు గొడ్డలి కావాలి. బీరతీగకు నిలబడే నడుమే లేదు. ఉంగరాలు తిరిగిన సన్నని నులితీగలతో దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఎక్కాల్సిందే.

"అచ్చం మన భానుగాడే" అన్నాడు నవ్వుతూ. "పట్టుకోనీకి ఎవనిదో ఒక దుకాణం కావాలె."

"మరి నువ్వు? వేపసెట్టువు. మగ్గం గుంటల పాతుకపోయినవ్, కదులుతవా?" అంది చిలుకమ్మ. ఆయన చూడడమంతా అయిపోయాక మిగిలిన తోటకూరనే పప్పులో వేసింది.

నేత మొదలైంది. వేళ్లకు గోధుమ రంగు, కాండానికి ముదురు పచ్చ, ఆకులకు లేత పచ్చ. ఆయన అంత సంతోషంగా ఉండడం చిలుకమ్మ ఎప్పుడూ చూడలేదు. భానుచందర్ కూడా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మగ్గం దగ్గర కాసేపు ఆగుతున్నాడు. నేసిన బట్ట నేసినట్టే కిందికి చుట్టుకుంటూ పోతుంది గనుక ముందర కనబడేది జానెడు పట్టీ మాత్రమే. ఆకులన్నీ గుబురుగా వచ్చేసరికి బట్ట సరిగ్గా నడిమికి చేరింది. ఇక పువ్వులు వేయాలి. చార్టు ఎదురుగా గోడకే ఉంది. ఆ రోజు సారయ్య తన బిడ్డకు సంబంధం కుదిరిందని చెప్పడానికి వచ్చాడు. పిల్లగాడి సంగతులు వినాలి, చదువు సంగతి వినాలి. నోరు వాటిలో పడింది. చేతులు నడిమి చూశాయి, అలవాటుగా మలుపు తిరిగాయి.

ఒకసారి తిరిగిన చేతులు ఇక ఆగుతాయా! ఆకులు మళ్లీ వచ్చాయి, కాండం వచ్చింది. చివరికి, "ఈసారి వేళ్లు మొదటివాటికన్న మంచిగొచ్చినయే" అని చిలుకమ్మకు చూపించి మురిసిపోయాడు కూడా. 'ఈసారి' అన్న మాట తన నోట ఎందుకొచ్చిందో ఆయనకు అప్పుడు కూడా తట్టలేదు.

మగ్గం మీంచి కోసి వాకిట్లో పరిచాక చిలుకమ్మే మొదట చూసింది. "పైన వేళ్లేందయ్యా?" అంది.

వెంకట్రాజం ఈ కొసన చూశాడు, ఆ కొసన చూశాడు. పువ్వు లేదు, కాయ లేదు, రెండు దిక్కులా వేళ్లే. మగ్గం మీద ఉండగానైతే విప్పి మళ్లీ నేయవచ్చు. కోసిన తర్వాత ఇక దిద్దుబాటు లేదు. మెట్టు మీద కూలబడ్డాడు. భానుచందర్ వచ్చి చూశాడు, నవ్వలేదు.

"అర్ర నీదే తీయ్ రా" అన్నాడు తండ్రి. "కానీ మాటిచ్చిన. తీస్కపోయి చూపెట్టి, తప్పయిందని చెప్పొస్త."

"నేను స్కూటర్ మీద దింపుత" అన్నాడు కొడుకు.

బడిలో భారతి టీచర్ జంపఖానా పరిచి, ముఖం చిన్నబుచ్చుకుంది. "పువ్వులేవి కాకా? పైన వేళ్లెందుకు వచ్చినయ్?"

"చేతులు అలవాటుగ తిరిగినయ్ మేడం." వెంకట్రాజానికి తలెత్తాలంటే సిగ్గేసింది. ఆ వయసులో చిన్నపిల్లవాడిలా తప్పు ఒప్పుకుంటూ నిలబడ్డాడు.

"పని బ్రహ్మాండంగున్నది. కానీ పాఠంల తప్పు ఉంటే ఎట్ల వెట్టుకోను, చెప్పు?" అంది టీచర్ నొచ్చుకుంటూ.

భానుచందర్ అప్పటిదాకా తలుపు దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు లోపలికి వచ్చాడు. ఒక్కమాట కూడా మాట్లాడకుండా ఉంటే అర్ర వాడిదయ్యేది. "మేడం, పిల్లలు ఏ దిక్కు కూసుంటరు?" అన్నాడు.

"రెండు దిక్కులా. నేను పక్కన కూసుంట."

"అయితే జర పిలవండ్రి."

పిల్లలు తోసుకుంటూ వచ్చి, కొందరు ఈ కొసన, కొందరు ఆ కొసన కూర్చున్నారు. "సెట్టు సీదగున్నదా, ఉల్టగున్నదా?" అని అడిగాడు భానుచందర్.

"సీదా!" అన్నారు ఈ కొసనున్నవాళ్లు.

"మాకు సీదా, మీకే ఉల్టా!" అని ఆ కొసనున్నవాళ్లు గొడవకు దిగారు. ఇరుపక్షాలకూ వేళ్లు తమ కాళ్ల దగ్గరే ఉన్నాయి, కాండం ఎదురుగా పోతోంది, ఆకులు నడుమ కలుస్తున్నాయి. ఒక పిల్ల పక్కదాన్ని, "వేరు మీద కాలు పెట్టకే!" అని గదమాయించింది.

భారతి టీచర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేను గీసింది గోడకు తగిలించే బొమ్మ. అట్లనే నేసుంటే సగం మంది ఏడాదంతా తలకిందుల వేపసెట్టు చూసేటోళ్లు" అంది. మోకాళ్ల మీద కూర్చుని, "ఇది వేరా, కాండమా? ఎట్ల తెలుస్తది?" అని అప్పుడే పాఠం మొదలుపెట్టేసింది. పిల్లలు కణుపుల కోసం చేతివేళ్లతో తడిమి వెతకసాగారు. "మరి పువ్వులు?" అని ఎవరో అడిగితే, "నడుమ నిజమైనవి పెట్టి చూపిస్త" అని, వెంకట్రాజం వైపు తిరిగి, "ఇది నాదే కాకా, మల్ల తీస్కపోయేవు!" అంది.

తిరుగు ప్రయాణంలో వెంకట్రాజం స్కూటర్ వెనక కొడుకు భుజం పట్టుకుని కూర్చున్నాడు. కొడుక్కి ఆ అర్ర తప్ప అందులో నేసిందేదీ కనబడదని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"గంత సంగతి నీకెట్ల తెల్సిందిరా?" అన్నాడు.

భానుచందర్ వెనక్కి తిరగలేదు. "చిన్నప్పుడు నేను ఈ కొసకు తల పెట్టి, చెల్లె ఆ కొసకు తల పెట్టి నీ జంపఖానా మీదనే పండుకునేటోళ్లం గద బాపు" అన్నాడు. "పువ్వు నాకే సీదగున్నదని నేను, దానికే సీదగున్నదని అది. రోజూ ఒకటే లొల్లి."