పై అరలో పోగులు

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మార్కాపురంలో మేము కొన్న ఫ్రిజ్జు మా వీధిలో అన్నిటికంటే పెద్దది. రెండు తలుపులు, మూడువందల లీటర్లు. దాన్ని కొన్నది నా భార్య కోసం. ఆమెకు అప్పటికే మూత్రపిండాలు చెడిపోయి, వారానికి రెండుసార్లు బస్సులో ఒంగోలు పోయి డయాలసిస్ చేయించుకుని వచ్చేవాళ్లం. రోజు మొత్తానికి ఆమె తాగే నీళ్లు ఒక చిన్న సీసాకు మించకూడదన్నారు. మా ఊరి ఎండలకు ఆ సీసా పొద్దున పదింటికే అడుగంటేది. డాక్టరు ఒక ఉపాయం చెప్పాడు. నీళ్లు గుక్కలుగా తాగొద్దు, చిన్న ఐసు ముక్క చప్పరించండి, గుక్కెడు కంటే తక్కువ నీటితో నోరు చాలాసేపు తడిగా ఉంటుంది, అని.

ఫ్రిజ్జు పై అరలో ఒక పక్కన ఐసు పెట్టె ఉంది. అచ్చుల పళ్లెంలో రాత్రి నీళ్లు పోస్తే తెల్లారేసరికి గడ్డకట్టేవి. మీట తిప్పితే ముక్కలు టపటపా కింది డబ్బాలో రాలేవి. మొదటి రెండు వారాలు ఆ మీట తిప్పడానికే ఆమె నాకంటే ముందు లేచేది.

ఇక నా సంగతి. పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా ఉన్నన్నాళ్లు నన్ను వెతుక్కుంటూ మనుషులు వచ్చేవాళ్లు. అది మూతపడ్డాక ఎవరికీ నాతో పని లేకపోయింది. ఆ ఖాళీలోకి ఫ్రిజ్జు వచ్చింది. మా వీధిలో ప్రతి ఆదివారం ఆరేడు ఇళ్లవాళ్లు కలిసి తర్లుపాడు వైపు నుంచి ఒక పొట్టేలును తెచ్చి కోసి, పోగులు పెట్టి పంచుకుంటారు. సోమవారం కొందరు నీచు ముట్టరు, గురువారం కొందరు, శనివారం మరికొందరు. తినని రోజులు పోగా మిగిలిన మాంసం ఎండాకాలంలో నిలవదు. "మా ఫ్రిజ్జులో పెట్టండి, మూడువందల లీటర్లు" అన్నాను. ఎవరూ అడగకముందే అన్నాను. మూడువందల లీటర్లలో గడ్డకట్టించే పై అర నాలుగోవంతు కూడా ఉండదని నాకు తెలుసు. అయినా అన్నాను.

మూడో వారానికి ఐసు గడ్డకట్టడం మానేసింది. పైన పల్చగా పొర, కింద నీళ్లు. నేను చేయని వైద్యం లేదు. మా బోరు నీళ్లు ఉప్పన కాబట్టి వాటివల్లేనేమోనని క్యాను నీళ్లు పోశాను. అచ్చులు నిమ్మకాయ పెట్టి తోమాను. చల్లదనం చక్రాన్ని చివరిదాకా తిప్పాను. తలుపు రబ్బరు సరిగా ఆనుతోందో లేదోనని కాగితం ముక్క పెట్టి లాగి చూశాను. చివరికి కంభం రోడ్డులో ఉండే మెకానిక్‌ను పిలిచాను.

అతను పై తలుపు తీసి, ఒక్క క్షణం చూసి నవ్వాడు.

"ఏంది అన్నా ఇది, ఫ్రిజ్జా, మటన్ దుకాణమా?"

"మన వీధోళ్లవి" అన్నాను, కొంచెం గర్వంగానే.

అతను మోచేతి దాకా చెయ్యి దూర్చి కవర్లు పక్కకు జరిపాడు. "ఎనక గోడకు సందులుండాయి, జూడు. సల్లగాలి ఆడనుంచే రావాల. నువ్వు కవర్లన్నీ దానికే ఆనిచ్చి పేర్చినావు. గాలి యాడ తిరగతాది? మిషన్‌కు ఏం రోగం లేదు. సగం తీసేయ్, రేపటికి ఐసొస్తాది."

అతను వెళ్లాక నా భార్య లేచి వచ్చింది. "ఏమన్నాడు?"

"ఏదో పార్టు పోయిందంట. విజయవాడ నుంచి రావాలంట."

"ఎన్నాళ్లకొస్తాదో?"

"పది పదైదు దినాలు."

"సరేలే" అంది.

ఆ అబద్ధం నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నిజం చెబితే మాంసం తిరిగి ఇవ్వాలి. ఇస్తే వీధిలో నా మాట పోతుంది. అంతే కారణం. అంతకంటే పెద్దది ఏమీ లేదు. రెండు కవర్లు తీసిచ్చాను కూడా. ఆదివారం మరో మూడు వచ్చాయి. బయటి ఐసు ఏ నీళ్లతో చేస్తారో తెలియదని డాక్టరు వద్దన్నాడు. ఆమె తడిగుడ్డతో పెదాలు అద్దుకునేది. ఎప్పుడైనా ఓర్చుకోలేక చెంబు ఎత్తేది. నేను చూసి చూడనట్టు పక్క గదిలోకి పోయేవాణ్ని.

అలా రెండు వారాలు గడిచాక ఒంగోలులో బరువు తూచినప్పుడు పోయినసారి కంటే మూడున్నర కిలోలు పెరిగి ఉంది. అంతా ఒంట్లో నిలిచిన నీరే. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టలేదు. నర్సు కోప్పడింది. "ఏందమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? ఇట్ల తాగితే ఊపిరాడక ఒకరోజు దారిలోనే ప్రాణం మీదికొస్తుంది."

"దప్పికయితాంది తల్లీ. తప్పు నాదే" అంది ఆమె, తల వంచుకుని.

నేను పక్కనే ఆమె సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. తప్పు ఎవరిదో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో పొదిలి దాటాక చెప్పాను.

"పార్టేం పోలేదే. ఆ మాంసం కవర్లు అడ్డమయినాయంట. నీకు అబద్ధం చెప్పినా."

ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. "తెలుసులే."

"ఎట్ల తెలుసు?"

"ఆ మెకానిక్ చెప్పేటప్పుడు నేను గోడకివతలే పండుకోనుంటి. నాకు చెడినేటివి చెవులు కాదు గదయ్యా."

"మరి అడగలేదే?"

"అడిగితే నువ్వు ఇంకో అబద్ధం ఎతుక్కోవాల." ఉబ్బిన కాళ్లు కొంచెం చాపుకుంది. "ఆదివారమొస్తే ఫ్రిజ్జు తలుపు తీసి నిలబడతావే, పెండ్లిపెద్ద మాదిరి. ఫ్యాక్టరీ మూతబడినాక నీ మొకం అట్ల జూసి శానా దినాలయింది. యాడ పోగొట్టేదిలే అనుకుంటి."

ఆమె దాహాన్ని నేను నా పరువుకు పెట్టుబడిగా పెట్టానని నాకు నేనే చెప్పుకుంటే ఒక రకంగా ఉంటుంది. ఆమె తెలిసే ఇచ్చిందని తెలియడం వేరు. మార్కాపురం వచ్చేలోపు కండక్టరును ఆమె రెండుసార్లు టైమెంతయిందని అడిగింది.

ఇంటికి రాగానే కవర్లన్నీ బేసిన్‌లో వేసుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చాను. అప్పుడు కూడా నాకు ధైర్యం చాలలేదు. అందరికీ "ఫ్రిజ్జు చెడింది" అనే చెప్పాను.

ఆదివారం వచ్చింది. పొట్టేలును బేరం చేసి తెచ్చే మనిషి మా ఎదురింటాయన. వరసకు అల్లుడవుతాడు. చేతిలో రెండు సంచులతో వాకిట్లోకి వచ్చాడు.

"మామా, తలుపు తీ. నీకు కార్జం ఎక్కువేసినాలే ఈ తూరి. ఫ్రిజ్జు బాగయిందంటనే?"

లోపల ఐసు ముక్కలు డబ్బాలో రాలిన చప్పుడు ఆయన కూడా విన్నట్టున్నాడు. "ఇంకా బాగ్గాలేదు" అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. వంటింట్లో ఆమె కదలకుండా నిలబడిందని చూడకుండానే తెలుస్తోంది.

"చెడలేదు అల్లుడా" అన్నాను. "మొన్న కూడా చెడలేదు. మాంసం పెడితే ఐసు కట్టదు. మీ అత్త నీళ్లు తాగగూడదు, ఐసే తినాల. ఇంక ఎవరివీ పెట్టను."

ఆయన సంచులు కింద పెట్టాడు. నా వంక, తర్వాత వంటింటి వైపు చూశాడు.

"ఇంతేనా? ముందే చెప్పింటే మేం కాదంటిమా మామా? అత్త నోరెండితే మాకు మాంసమెట్ల మింగుడు పడతాది? నువ్వే గదా పిలిచి పిలిచి పెట్టించుకుంటివి."

వీధిలో నా మాట పోతుందని భయపడి ఇన్ని వారాలు ఆమెను ఎండబెట్టాను. ఒక్కరు కూడా అడ్డం చెప్పేవాళ్లు కాదు.

"అల్లుడా, నిలబడే మాట్లాడతావా? కూర్చో, టీ పెడతా" అంది ఆమె లోపలినుంచి.

"నువ్వుండు" అని నేను పొయ్యి దగ్గరికి పోయాను. నాకూ అల్లుడికీ రెండు గ్లాసులకే నీళ్లు కొలిచి పోశాను.