మళ్ళీ ఎక్కిన నిచ్చెన

మా ఆయన బోర్డులు రాసేవాడు. స్కేలు పెట్టకుండా ఒక్క గీతలో అక్షరం దించేవాడు. లోపల రంగు నింపడం నా పని. దారిలో ఏ బోర్డు కనబడ్డా ఆగిపోయేవాడు. కూరగాయలకని వెళ్ళి ఖాళీ సంచితో వచ్చి, "మందుల షాపు బోర్డు చూశావా? అక్షరాలన్నీ తాగి నడుస్తున్నట్టున్నాయి" అనేవాడు. ఏం చేసుకోను ఆ మనిషిని?

షాపు ఆయన అన్నగారిది, అంటే మా బావగారిది. వెనక గదిలోనే బావగారి మకాం. షాపులో ఒక రూలుండేది. నిచ్చెన మీంచి పడ్డవాడు లేచి, వెంటనే అదే నిచ్చెన పైదాకా ఎక్కి దిగాలి. లేకపోతే భయం పట్టుకుంటుందట. దిగాక అందరూ చప్పట్లు కొట్టి టీ తాగించేవారు. కుర్రాళ్ళకైతే సరే. మా ఆయనకు డెబ్బై దాటాయి. గుండె లయ తప్పుతోందని రక్తం పలచబరిచే మాత్ర కూడా వేసుకుంటున్నాడు.

ఆ రోజు రెండో మెట్టు మీంచే జారాడు. తల గోడకు తగిలింది. ఆస్పత్రికి వెళ్దామన్నాను.

"రెండు మెట్లకు ఆస్పత్రేంటమ్మాయ్? బొప్పి కూడా కట్టలేదు. నువ్వెక్కరా" అన్నారు బావగారు.

అన్న మాట జవదాటని మనిషి. ఎక్కాడు.

వారం తిరగకముందే తలనొప్పన్నాడు. కుంచె చేతిలోంచి జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. పెద్ద వయసు, పైగా ఆ మాత్ర. బయట బొప్పి లేకపోయినా లోపల రక్తం మెల్లగా కారి పేరుకుంటుందని, పడ్డ రోజే తలకు స్కానింగ్ తీయించాల్సిందని డాక్టరమ్మ చెప్పింది. అప్పటికే చేయి దాటిపోయింది.

"వాడి ఆయుష్షు అంతే" అన్నారు బావగారు.

మా ఆయన్ని సాగనంపాం. అయినా షాపు వదల్లేదు. దిక్కులేక పడి ఉందనుకున్నారంతా. ఆ మనిషి కూలిపోతే కళ్ళారా చూడాలని ఉన్నాను. గారు అనడం మాత్రం మానలేదు, నోటికి అలవాటు.

నిరుడు బావగారికీ అదే మాత్ర రాశారు. ఆ మధ్య కొత్త బోర్డుకు మేకు కొట్టబోయి అదే నిచ్చెన మీంచి పడ్డారు. తల నేలకు కొట్టుకుంది. లేచి, నవ్వుతూ, "రూలు రూలే" అని మెట్టు మీద కాలు పెట్టారు. పనివాళ్ళు చప్పట్లకు సిద్ధమయ్యారు. నేను నోరు మూసుకుంటే చాలు. మూసుకున్నాను కూడా.

"నా ఆయుష్షు గట్టిదిలే అమ్మాయ్" అన్నారు పైనుంచి.

అంత తేలిగ్గా పోనిస్తానా? కిందికి దింపి, ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. తల లోపల అప్పుడే సన్నగా రక్తం కారుతోందట. వేళకు తెచ్చారన్నారు. బతికారు.

నా చేయి పట్టుకుని, "ప్రాణం పోశావమ్మా" అని ఏడ్చారు.

"మీ మీద జాలితో కాదు బావగారూ. ఈ స్కానింగే ఆ రోజు తీయించి ఉంటే మీ తమ్ముడు ఉండేవాడు. అది మీకు తెలియాలి. తెలిసి బతకాలి."

చేయి విడిపించుకుని వచ్చేశాను. ఆయన వెనక గదికి తిరిగొచ్చేసరికి ఆ నిచ్చెన ఆయన మంచానికి ఎదురుగోడకు చేరేయించాను. తీసేయమ్మా అని రోజూ అడుగుతున్నారు. వినబడనట్టు రంగు నింపుకుంటున్నాను.