ఓమా అడిగిన ఓమ

సకినాల పిండిలో అమ్మ ఓమ, అదే వాము, నలిపి వేస్తుంటే ఆ ఘాటు ఈ ఎడారి దేశంలో, ఐన్ ఖాలిద్‌లోని మా ఫ్లాటంతా పరుచుకుంది. దానితో పాటే నా చిన్నప్పుడు ఈ దేశంలోనే మేమున్న మెసయీద్ కంపెనీ క్వార్టర్లు, గాలి మళ్ళితే ఎరువుల ఫ్యాక్టరీ నుంచి ముక్కులదిరేలా వచ్చే అమోనియా కంపు, పక్కింటి అమెరికా ముసలమ్మ వండే పుల్లబెట్టిన క్యాబేజీ, అన్నీ కలగలిసి గుర్తొచ్చాయి.

ఆవిడను మనవలు ‘ఓమా’ అనేవారు. జర్మన్‌లో నానమ్మ అని అర్థమట, మాకేం తెలుసు! ఓ చలికాలం సాయంత్రం మేమంతా ఇసుకలో పొర్లి ఆడుకున్నాక, మనవడొకడు నానమ్మను వెతుక్కుంటూ మా వంటింటి గుమ్మంలోకొచ్చి ‘ఓమా! ఓమా!’ అని అరిచాడు. కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన మా అమ్మ గబగబా డబ్బా తీసింది.

"పాపం, వాళ్ళింట్ల ఎవలికో కడుపునొస్తున్నట్టుంది. ఈ ఓమ ఇచ్చిరాపో బిడ్డా!"

సంగతి తెలిసి ఓమా కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. క్యాబేజీలో వేసుకునే, ఓమలాంటి తమ గింజలు ఇక్కడ దొరకడం లేదని, ఆ ఓమే వేసి వండి మాకూ గిన్నెడు పంపింది. ఆ తర్వాత మా సకినాలు వాళ్ళింటికి వెళ్ళేవి. సకినాన్ని వేలికి తొడుక్కుని, ఇది మెలికలు తిప్పి కాల్చే మా ప్రెట్జెల్‌కు చుట్టమేనే అని మురిసిపోయేది.

ఆవిడ ముత్తాతలు జర్మనీ నుంచి అమెరికా వెళ్ళి, ఊళ్ళకు ఊళ్ళు జర్మన్‌లోనే బతికారట. క్రిస్మస్‌కు ఇంట్లో చెట్టు నిలబెట్టడం, పిల్లల్ని కిండర్‌గార్టెన్‌కు పంపడం, బన్నులో సాసేజ్ పెట్టుకు తినడం అమెరికావాళ్ళకు వీళ్ళ నుంచే అబ్బాయట. జర్మనీతో యుద్ధమొచ్చి, ఆ భాష మాట్లాడేవాళ్ళను అనుమానంగా చూడటం మొదలయ్యాక పెద్దలు పిల్లల ముందు నోరు కట్టేసుకున్నారట.

"మావన్నీ అమెరికా తీసుకుంది. మా ఇంట్లో మాత్రం ఓమా అన్న ఒక్క మాటే మిగిలింది" అందావిడ. మాట పోవడమేమిటి, అదేమన్నా పలకా బలపమా అనుకుంటూ నేను సకినం నమిలాను.

ఆ క్వార్టర్లు కూల్చేశారు. ఓమా ఎప్పుడో పోయింది.

ఇంతలో మా పాప బడి నుంచి వచ్చి, "అమ్మమ్మా!" అంటూ అమ్మ నడుము వాటేసుకుని, ఇంగ్లీషులో ఏదో అడిగింది. అమ్మ పిండి చేతులతో నా వంక చూసింది.

"ఏమంటుందే పిల్ల?"

"ఆ వాసన ఏందని అడుగుతుందమ్మా."

"ఓమ బిడ్డా, ఓమ!"

పాప కూడా నా వంకే చూసింది. ఇంగ్లీషులో చెప్పాను. దిగులేసింది. అమ్మ చిన్నబోయి, బట్ట మీద సకినాలు చుట్టడంలో పడింది. మా పాపకు వచ్చిన తెలుగు, అమ్మమ్మ అన్న ఆ ఒక్క మాటే.